చల్లని గది – పొద్దుటి గొంతునొప్పి



వేసవి వచ్చిందంటే పొద్దున్నే మన ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటుంది. "అమ్మా, గొంతు నొప్పి!" కాఫీ గ్లాసు అందుకుంటూ శ్రీవారూ అదే మాట అంటారు. "అంతా ఆ ఏసీ వల్లే" అని అత్తగారు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు సగం నిజమే. మిగతా సగం తెలియక నేను మా ఇంట్లో రెండు పొరపాట్లు చేశాను. అవి మీరు చెయ్యకూడదనే ఈ నాలుగు మాటలూ.

అసలు ఏసీ చేసే పనేమిటి? గదిలో గాలిని లాక్కుని చల్లని గొట్టాల మీదుగా పంపుతుంది. ఐసు వేసిన గ్లాసు బయట చెమ్మ పడుతుంది చూడండి, అలాగే గాలిలో తేమ కొంత ఆ గొట్టాల మీద నీరై కారిపోతుంది. బయట గొట్టం కింద పెట్టిన బకెట్టులో తెల్లారేసరికి చేరే నీళ్ళు అవే! 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఈ పద్ధతి కనిపెట్టింది కూడా మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో చెమ్మకి కాగితం సాగి రంగులు సరిగ్గా పడటం లేదని, గాలిలో తేమని అదుపు చెయ్యడానికి. అంటే తేమ లాగెయ్యడం దీనికి పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట.

మన ముక్కు కూడా ఓ చిన్న యంత్రమే. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడిచేసి, దుమ్ము వడగట్టి మరీ లోపలికి పంపుతుంది. ముక్కు దిబ్బడ వేసినా, గురక పెట్టినా నోటితో గాలి పీలుస్తాం. అప్పుడా పొడిగాలి నేరుగా గొంతుకి తగులుతుంది. నిద్రలో ఉమ్మి ఊరడమూ తక్కువే. రాత్రంతా అలా సాగితే గొంతు ఎండి మండదూ? ఒకే గదిలో నలుగురు పడుకున్నా ఒకరికే నొప్పి రావడానికి కారణం తరచుగా ఇదే.

ఇక నా మొదటి పొరపాటు. అమ్మాయి గొంతు నొప్పి అనగానే, అలమరలో ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళలు రెండు రోజులు వేశాను. డాక్టరుగారు విని చీవాట్లు పెట్టారు. ఎండిన గొంతుకి ఆ మందుతో పనే లేదట. జలుబుతో వచ్చే గొంతునొప్పికీ అంతే, అది వైరస్ వల్ల వస్తుంది. ఇలా అయినదానికీ కానిదానికీ వాడితే, నిజంగా అవసరం పడ్డనాడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు కూడాను.

రెండో పొరపాటు దీనికి సరిగ్గా తిరకాసు. వానాకాలంలో అమ్మాయి మళ్ళీ గొంతు నొప్పి అంది. "ఏసీ వల్లేలే" అని మూడు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలింపించాను. జ్వరం వచ్చింది, అన్నం మింగలేకపోయింది. డాక్టరుగారు టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలు! స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి అని పరీక్షలో తేలింది. దానికి వైద్యం చెయ్యకపోతే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలనే దెబ్బతీస్తుందని చెప్పేసరికి నా గుండె జల్లుమంది. ఈసారి యాంటీబయాటిక్ తప్పనిసరి. మూడో రోజుకే పిల్ల గంతులు వేసినా, చెప్పిన పది రోజులూ వేశాం.

మరి తేడా ఎలా తెలుస్తుంది? లేవగానే మండి, గోరువెచ్చని నీళ్ళు తాగాక పది గంటలకల్లా సర్దుకుంటే అది చాలామటుకు పొడిదనమే. రోజంతా ఉన్నా, జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ కింద బిళ్ళలు కట్టడం, టాన్సిల్స్ మీద తెల్లమచ్చలు కనిపించినా వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. ముఖ్యంగా అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి మింగలేక కారుస్తున్నా క్షణం ఆగకూడదు. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే పెద్దవాళ్ళయినా చూపించుకోవాలి.

ఇంట్లో చేసుకోవలసినవి కష్టమైనవేం కావు. ఏసీని 24 డిగ్రీలకి తగ్గించకండి. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలు వెయ్యగానే 24 దగ్గరే మొదలయ్యేలా ప్రభుత్వం నిబంధన పెట్టింది. కరెంటు బిల్లూ కలిసొస్తుంది. గాలి మొహం మీదికి కాకుండా పైకి తిప్పండి. పదిహేను రోజులకోసారి జాలీ తీసి కడిగి, నీడన ఆరనివ్వండి. తెల్లవారుజామున ఆగిపోయేలా టైమరు పెట్టి, పొద్దున్నే కిటికీలు తెరవండి. చాలా ఏసీలు బయటి గాలి తేవు, ఉన్న గాలినే తిప్పుతాయి. ఒకరికి జలుబుంటే మూసిన గదిలో అందరికీ అంటుకునేది అందుకే. గదిలో చెంబుతో నీళ్ళు పెడితే చాలంటారు గాని, బకెట్టుడు నీళ్ళు లాగే యంత్రం ముందు చెంబెడు నీళ్ళు ఏపాటి? ఆ నీళ్ళేవో మనమే తాగడం మేలు. ముక్కు దిబ్బడ మాటిమాటికీ వేస్తుంటే దానికి వైద్యం చేయించండి. సగం బాధ అక్కడే తీరుతుంది.

గొంతు నొప్పి అనగానే మందుల అలమరా తెరవకండి, అలాగని ఏసీ మీద నెట్టేసి ఊరుకోకండి. ముందు నుదురు మీద చెయ్యి వేసి చూడండి, నోరు తెరిపించి దీపం వేసి చూడండి. ఆ రెండు నిమిషాలూ నేను చూడలేదు. మీరు తప్పకుండా చూస్తారు కదూ?

సెలవు.