పసుపు బాణం వెంట 780 కిలోమీటర్లు

ఒక పాత సిట్రోయెన్ కారు, అందులో పసుపు రంగు డబ్బాలు, ఓ కుంచె. 1984లో స్పెయిన్ వాయవ్య కొండల్లోని ఓ సెబ్రేయిరో అనే చిన్న ఊరి ఫాదర్ ఎలియాస్ వాలిన్యా వీటితోనే బయల్దేరాడు. సాంటియాగో దె కాంపొస్తెలాకు వెళ్లే, జనం మరిచిపోయిన యాత్రాదారి పొడవునా చెట్లకూ గోడలకూ రాళ్లకూ పసుపు బాణాలు గీసుకుంటూ పోయాడు. పిరనీస్ కొండల్లో పోలీసులు ఆపి ఇదేం పని అని అడిగితే, ఫ్రాన్స్ నుంచి పెద్ద దండయాత్రకు ఏర్పాట్లు చేస్తున్నానన్నాడని చెప్పుకుంటారు.

దండు నిజంగానే వచ్చింది. 2024లో సాంటియాగో దె కాంపొస్తెలా చేరిన యాత్రికులు దాదాపు 5 లక్షలు.

ఆ ఊరి పేరులోని సాంటియాగో మనకు తెలియనివాడేం కాదు. తెలుగు బైబిల్లో వలలు వదిలి యేసు వెంట నడిచిన జెబెదయి కుమారుడు యాకోబే. తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఆయన సమాధి ఇక్కడ బయటపడిందన్న కబురు విని, అస్తూరియాస్ రాజు రెండో అల్ఫోన్సో ఒవియేదో నుంచి తరలి వచ్చాడట. ఆ ఎముకలు యాకోబువేనా? చరిత్రకారుల సందేహం తీరలేదు. నడిచేవాళ్లు మాత్రం ఆగలేదు.

దారులు చాలా ఉన్నా పేరున్నది 780 కిలోమీటర్ల ఫ్రెంచి దారి. ఫ్రాన్స్‌లోని సేన్ జాన్ పియె దె పోర్‌లో మొదలవుతుంది. మొదటిరోజే 25 కిలోమీటర్లు, అందులో 1,200 మీటర్లకు పైగా ఎక్కుడు. కొత్త బూట్లతో వచ్చినవాడి సంగతి సాయంత్రానికి పాదాలే చెబుతాయి. రాత్రి బస ‘అల్బెర్గే’ అనే సత్రంలో. ఒకదానిపై ఒకటిగా మంచాలు, నానా దేశాల గురకలు. బొబ్బల్లోకి సూదీదారం దూర్చే నాటువైద్యులకూ కొదవ ఉండదు. ఆ పని వద్దంటారు డాక్టర్లు.

దారి మాత్రం విసుగెత్తనివ్వదు. ఇరాచే మఠం దగ్గర ఓ ద్రాక్షసారా కంపెనీ 1991లో గోడకు కుళాయి బిగించింది. తిప్పితే వైన్ వస్తుంది, ఉచితం. సాంతో దొమింగో ఊరి కెథడ్రల్‌లోనైతే బతికున్న కోడిపుంజూ పెట్టా కొలువుంటాయి. చేయని దొంగతనానికి ఉరేసిన యాత్రిక కుర్రాడు ఇంకా బతికే ఉన్నాడని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటే, ‘నా పళ్లెంలో వేయించిన కోడి ఎంత బతికుందో వాడూ అంతే’నన్నాడట అధికారి. కోడి లేచి కూసింది. ఆ కథకు గుర్తుగా ఈ కోళ్లు.

బుర్గోస్ దాటాక మెసేతా పీఠభూమి. గోధుమ చేలు, ఎండ, నీడనివ్వని ఆకాశం. చాలామంది బస్సెక్కేసేది ఇక్కడే. అసలు నడక రుచి తెలిసేదీ ఇక్కడే.

యాత్ర చేసినట్టు ఇచ్చే ధ్రువపత్రానికి చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు. అందుకే అంతకు కాస్త ముందున్న సార్రియా ఊరి నుంచి దారి ఒక్కసారిగా తిరునాళ్లవుతుంది. నెల రోజులుగా నడుస్తున్నవాళ్లు ఈ ఇస్త్రీ చొక్కాల యాత్రికులను చూసి లోలోపల గొణుక్కుంటారు. ఆ గొణుగుడు కాస్త అన్యాయమే. సెలవులు అందరికీ ఒకేలా దొరకవు.

పాతకాలంలో సాంటియాగో సగం దూరమే. ఇల్లు చేరాలంటే వచ్చినంతా మళ్లీ నడవాల్సిందే. ఇప్పటికీ కొందరలా వెనక్కి నడుస్తుంటారు. బాణాలన్నీ వాళ్లకు వ్యతిరేక దిక్కునే చూపిస్తాయి. దారి చీలిన చోటల్లా ఆగి, అటు నుంచి వచ్చేవాడికి బాణం ఎక్కడ కనపడుతుందో వెతుక్కోవాలి.