పంపు స్క్రూ తిప్పారు, రేడియేటర్ మరుగుతోంది

లీటరు డీజిల్ కాలితే పుట్టే వేడి దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానం. అందులో సుమారు 3 యూనిట్లు రేడియేటర్ నీళ్లే మోయాలి. గంటకు 6 లీటర్లు తాగే ట్రాక్టర్‌లో ఆ భారం 18 కిలోవాట్లు. నీళ్లు ఇంజిన్ దాటేలోపు 6 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి 43 లీటర్లు తిరగాలి. ప్రవాహం సగమైతే ఆ 6 కాస్తా 12 అవుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో యాసంగి కోతలయ్యాక గడ్డి కట్టలు కట్టే బేలర్ లాగే బండ్లకు ఇదే పరీక్ష. ఎండ 42 డిగ్రీలు, నీళ్లు 88 అనుకుందాం. తేడా 46. బలం కోసం డీజిల్ పంపు స్క్రూ తిప్పి ఇంజిన్‌కు వెళ్లే డీజిల్ 20 శాతం పెంచితే తేడా కూడా అంతే పెరిగి 55 అవుతుంది. అంటే నీళ్లు 97కు చేరతాయి. పైగా రేడియేటర్ రెక్కల సందుల్లో గడ్డిపొట్టు బిగుసుకుంటే ఇక మరగడమే.

అప్పుడు చాలామంది చేసే పని థర్మోస్టాట్ పీకేయడం. నాకిది అస్సలు నచ్చదు. దాదాపు 82 డిగ్రీలకు తెరుచుకునే ఆ చిన్న బిళ్ల కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని కూడా మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. చల్లబడాల్సింది ఇంకా కాగుతుంది.

ముందు టెంపరేచర్ గన్‌తో రేడియేటర్ పై పైపు, కింది పైపు రెండూ చూడండి. పైది కాలిపోతూ కిందిది బాగా చల్లగా ఉంటే నీళ్లు సరిగా తిరగడం లేదు: బెల్టు, వాటర్ పంపు, పూడిన గొట్టాలు చూడాలి. రెండూ వేడిగానే ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి, గాలే ఆడడం లేదు. ఇంజిన్ వైపు నుంచి నీళ్లు కొట్టి పొట్టు కడగాలి.

చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. మెడ చుట్టూ తెల్లటి గట్టి పొర కనిపిస్తే అది బోరు నీళ్ల పనే. తాగునీటికి బీఐఎస్ అనుమతించే గరిష్ఠ కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాములు. అలాంటి నీళ్లు రోజుకో లీటరు చొప్పున 100 రోజులు పోస్తే లోపలికి 60 గ్రాముల లవణాలు చేరతాయి. 1 మిల్లీమీటరు సున్నపు పొర వేడికి దాదాపు 20 మిల్లీమీటర్ల పోత ఇనుమంత అడ్డు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసుకోవడమే మేలు. మూత రబ్బరు కూడా చూడండి: 0.9 బార్ మూత మంచిదైతే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు.

ఇవన్నీ సరిచేసి, స్క్రూను కంపెనీ సెట్టింగ్‌కు తెచ్చాక కూడా రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాల్సిందే.