కామెర్ల క్రిమి: నర్సమ్మ నేర్చుకున్నదేమిటి, మీరు తెలుసుకోవలసినదేమిటి



నెల తప్పిందని పేరు రాయించుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే నర్సమ్మ రక్తం తీసి పరీక్షకు పంపుతుంది. ఒంట్లో రక్తం ఎంత ఉందో, షుగరు ఉందో లేదో చూడడానికే అని మనం అనుకుంటాము. ఆ పరీక్షల్లో హెపటైటిస్ బి పరీక్ష కూడా ఒకటి. "మా ఇంట్లో ఎవరికీ కామెర్లు లేవు గదా, మాకెందుకమ్మా ఇది?" అని చాలామంది అడుగుతారు. అడగడం మంచిదే. జవాబు ఈ కరపత్రంలో ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

కామెర్లు అనేది ఒక రోగం పేరు కాదు, కార్జం (కాలేయం) దెబ్బతిన్నదని చెప్పే గుర్తు. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, అన్నం సయించదు. కార్జాన్ని చెడగొట్టే వైరస్ క్రిములు ముఖ్యంగా ఐదు రకాలు. వాటికి ఏ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టారు. ఏ, ఇ రకాలు మురికి నీటి ద్వారా, కలుషితమైన తిండి ద్వారా వస్తాయి. 2005లో హైదరాబాదులో ఇ రకం కామెర్లు బాగా ప్రబలాయి. ఈ ఇ రకం గర్భిణీల ప్రాణానికే ముప్పు తెస్తుంది. కనుక కడుపుతో ఉన్న ఇల్లాలికి కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలి. ఆ సంగతి అంతటితో ఉంచుదాం. మనం చెప్పుకోవలసింది బి రకం గురించి.

బి క్రిమి రక్తంలో ఉంటుంది. రక్తం ద్వారా, భార్యాభర్తల కలయిక ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా, పక్కన కూర్చున్నా, దగ్గినా రాదు. దోమ కుట్టినా రాదు. సికింద్రాబాదులో 1897లో రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని పిల్లలు బడిలో చదువుకుంటారు. ఈ క్రిమికి దోమ అక్కరలేదు. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే చాలు.

దీనిలో ఉన్న మోసం ఏమిటంటే, క్రిమి ఒంట్లో ఉన్నా చాలామందికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. పొలం పని చేసుకుంటారు, బరువులు మోస్తారు, కళ్ళు తెల్లగానే ఉంటాయి. ఇరవై ముప్పై ఏళ్ళకు కార్జం గట్టిపడి పొట్టలో నీరు చేరుతుంది. కొందరికి కార్జంలో క్యాన్సరు పుడుతుంది. "నాకు కామెర్లు లేవు" అంటే "నాకు క్రిమి లేదు" అని అర్థం కాదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

పెద్దవాళ్ళకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా శరీరమే దానిని తరిమివేస్తుంది. కాన్పులో తల్లి నుండి పసిగుడ్డుకు సోకితే లెక్క తిరగబడుతుంది. అటువంటి బిడ్డల్లో నూటికి సుమారు 90 మందిలో క్రిమి జన్మంతా ఉండిపోతుంది. గర్భిణీకి పరీక్ష చేయించమనేది ఇందుకే.

ఇక నర్సమ్మ సంగతి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలయింది. (బి క్రిమిని కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త బ్లూంబర్గ్ పుట్టినరోజు కూడా జూలై 28నే.) నర్సులకు, ఏ.ఎన్.ఎం.లకు, లాబు పనివారికి ఈ జబ్బుపై శిక్షణ ఇవ్వడం ఆ కార్యక్రమంలో ఒక భాగం. శిక్షణలో మొదటి పాఠం వాళ్ళ సొంత ఒంటి గురించే. టీకా వేసుకోని నర్సుకు క్రిమి ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, నూరింట ముప్పై సార్ల వరకూ జబ్బు అంటుకోవచ్చు. అందుకని ఆమె ముందు తాను మూడు మోతాదుల టీకా వేయించుకోవాలి. ఈ రోజు ఒకటి, నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది.

రెండవ పాఠం సూది గురించి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకూడదు. మూత పెట్టబోయి చేతికి గుచ్చుకోవడమే ఎక్కువగా జరిగే ప్రమాదం. వెంటనే కోసి, గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి. మీరు చూస్తూ ఉండండి. కవరు మీ ఎదుటే చింపిందా? సూది వేశాక డబ్బాలో వేసిందా? "కొత్తది తీయండమ్మా" అని అడగడానికి మొగమాటపడకండి. శిక్షణ పొందిన నర్సమ్మ దానికి కోపగించుకోదు. పిల్లల టీకాలకు 2005 నుండి ఒక్కసారి వాడగానే బిగుసుకుపోయే సిరంజీలు వచ్చాయి. వాటిని రెండవసారి వాడదామన్నా కుదరదు.

అసలు చిక్కు ఆసుపత్రి బయట ఉంది. మన ఊళ్ళలో సూది పడందే జ్వరం పోదని ఒక నమ్మకం. మాత్ర ఇచ్చిన డాక్టరు మంచివాడు కాదు, సూది పొడిచినవాడే మంచివాడు! 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో, వాడిన సిరంజీలే మళ్ళీ వాడడం వల్ల బి రకం కామెర్లు వ్యాపించి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాళ్ళూ మనలాగే చిన్న జబ్బులకు సూది వేయించుకోబోయినవారే. మాత్రతో తగ్గేదానికి సూది అడగకండి.

జాతరలో పచ్చబొట్టు, చెవులు కుట్టించడం, క్షవరం, గుట్టమీద పుట్టువెంట్రుకలు, వీటన్నిటికీ ఇదే మాట. ఎండిన రక్తపు మరకలో ఈ క్రిమి ఏడు రోజులు బతికి ఉండగలదు. కొత్త బ్లేడు, కొత్త సూది అడగండి. మంగలి అన్న ఏమీ అనుకోడు.

టీకా మాటకు వస్తే, ఇది మన గడ్డ మీద తయారయినదే. ఒకప్పుడు విదేశాల నుండి వచ్చే బి టీకాను బీదవాడు కొనలేకపోయేవాడు. వరప్రసాదరెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో ఈ టీకాను దేశంలోనే మొదటిసారిగా తక్కువ ధరకు తెచ్చారు. ఆ కంపెనీ సికింద్రాబాదు నుండి నిజామాబాదు దారిలో వచ్చే మేడ్చల్ దగ్గర ఉంది. ఇప్పుడు పిల్లలకు ఈ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

బిడ్డకు మొదటి మోతాదు పుట్టిన 24 గంటల లోపల తొడకు వేయాలి. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. టీకా సీసాలో పది మోతాదులు ఉంటాయి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతాది వృథా అవుతుందని కొన్నిచోట్ల సిబ్బంది వెనకాడేవారు. శిక్షణలో చెప్పేది దీనికి వ్యతిరేకం. ఒక్క బిడ్డ ఉన్నా తెరవాలి. తెరిచిన సీసాను సరిగా చల్లగా ఉంచితే 28 రోజుల వరకూ వాడుకోవచ్చు. కాబట్టి "రేపు వేస్తాము" అంటే "ఈ రోజే వేయండి" అని బిడ్డ తండ్రి గట్టిగా అడగాలి. తరువాత 6, 10, 14 వారాలకు మిగతా మోతాదులు. కార్డు పారేయకండి.

తల్లి రక్తంలో క్రిమి ఉన్నట్లు తేలితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకొక సూది కూడా ఆ గంటల్లోనే పడాలి. ఇది ప్రతిచోటా ఉండదు. అందుకని కాన్పు ఎక్కడ అన్నది ముందే నర్సమ్మతో మాట్లాడి తేల్చుకోండి. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి రాసి పంపితే, దూరమని ఇంటి దగ్గరే పురుడు పోయించకండి. అవసరమైన తల్లికి చివరి నెలల్లో డాక్టరు మాత్రలు కూడా ఇస్తారు. టీకా పడిన బిడ్డకు తల్లి పాలు ఇవ్వవచ్చు. ముర్రుపాలు పిండి పారబోయకండి.

ఒక మాట భర్తలకు, అత్తమామలకు. పరీక్షలో "పాజిటివ్" అని వచ్చిన కోడలిని పుట్టింటికి పంపేయడం, కంచం, గ్లాసు వేరు పెట్టడం, "ఎక్కడ తెచ్చుకున్నావు?" అని నిలదీయడం మహా అన్యాయం. ఆమెకు తాను పుట్టిననాడే తల్లి నుండి వచ్చి ఉండవచ్చు. చిన్నప్పుడు పొడిచిన పాత సూది వల్ల వచ్చి ఉండవచ్చు. భర్త నుండే వచ్చి ఉండవచ్చు, అతను పరీక్ష చేయించుకోలేదు గనుక తెలియలేదు, అంతే. ఫలితం నలుగురిలో చెప్పకూడదని నర్సమ్మకు శిక్షణలో నేర్పుతారు. ఆమె మిమ్మల్నిద్దరినీ పక్కకు పిలిస్తే వెళ్ళండి. భర్తకు, ఇంట్లో ఉన్న పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. క్రిమి లేనివారికి టీకా వేయించండి. క్రిమి ఉన్నవారికి మందు కావాలో వద్దో డాక్టరు పరీక్షించి చెబుతారు. ఆ మందులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తారు. కంట్లో పసరు పిండించుకోవడం, చేతి మీద వాతలు పెట్టించుకోవడం వల్ల క్రిమి పోదు, కన్నో చెయ్యో చెడుతుంది. సారా, కల్లు మానవలసిందే.

బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం ఏ పద్ధతి పాటించాలన్నది ఇటువంటి దంపతులు తరచు అడుగుతారు. లూపు (కాపర్-టి), మాత్రలు, ఆపరేషను గర్భాన్ని ఆపుతాయి గాని క్రిమిని ఆపవు. రెండింటినీ ఆపేది నిరోధ్ ఒక్కటే. ఒకరికి క్రిమి ఉండి రెండవవారికి లేకపోతే, వారికి మూడు మోతాదుల టీకా పూర్తయి, అది పట్టిందని రక్తపరీక్షలో తేలేవరకూ నిరోధ్ తప్పనిసరిగా వాడాలి. కార్జం బాగా చెడినవారికి మాత్రలు పనికిరావు కనుక మొదలుపెట్టేముందు డాక్టరుకు చెప్పండి. ఆపరేషనుకు వెళ్ళేటప్పుడు కూడా పరీక్ష కాగితం దాచకుండా చూపించండి, దాని వల్ల ఆపరేషను మానరు. నిరోధ్ ఉపకేంద్రంలోనూ, ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతుంది.