నొప్పి లేని ఒంట్లో బోద పురుగు

రాత్రి తొమ్మిది దాటాక ఆరోగ్య సిబ్బంది తలుపు తట్టి, వేలి కొన నుంచి రక్తం అడిగితే ఎవరికైనా విసుగే. పగలు రావచ్చు కదా అంటారు. పగలు వస్తే దొరకదు. బోదకాలుకు మూలమైన ఉకరేరియా బాంక్రాఫ్టి పురుగు కనే పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, మన దగ్గర పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి ఉంటాయి. రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. వాటిని ఒకరి నుంచి మరొకరికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రి పూటే.

గాజుపలక మీద ఎండిన ఆ రక్తానికి రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పావు మిల్లీమీటరు పోగొకటి మెలిక తిరిగి కనిపిస్తుంది. లోపల ఊదారంగు చుక్కల వరస, చుట్టూ పలుచటి తొడుగు. అది ఎక్కువగా దొరికేది హాయిగా పొలం పనికి వెళ్లొచ్చే మనిషి రక్తంలో. కాలు వాచినవారి రక్తంలో చాలాసార్లు ఒక్కటీ ఉండదు.

ఎందుకిలా? తల్లిపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆరేడేళ్లపాటు మన లింఫ్ నాళాల్లో, రక్షణ కణాలు తిరిగే దారిలోనే కాపురం ఉంటుంది. అంతకాలం బతకాలంటే ఒంటిని ఊరుకోబెట్టాలి. అది ఉన్నచోట నియంత్రణ టి-కణాలు పెరుగుతాయి, మంటను అణిచే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది, దాడికి దిగాల్సిన టి-కణాలు మెత్తబడతాయి. ఐజీజీ4 అనే ప్రతిరక్షకం పోగుపడి ఐజీఈ పనికి అడ్డుపడుతుంది. పురుగు బతుకుతుంది, మనిషికి బాధా తెలియదు.

కొందరి ఒళ్లు ఇలా సర్దుకోదు. చచ్చే పురుగుల నుంచి, వాటిలో కాపురముండే వోల్బాకియా బ్యాక్టీరియా నుంచి రేగిన మంట లింఫ్ నాళాలను దెబ్బతీస్తుంది. ఆపై వేళ్ల సందు పగుళ్లలోంచి మామూలు బ్యాక్టీరియా చొరబడి, గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం పదేపదే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వాపు పెరుగుతుంది. అందుకే రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం వైద్యంలో భాగమే.

అరుదుగా మరికొందరిలో రక్షణ వ్యవస్థ ఊపిరితిత్తుల్లోనే మైక్రోఫైలేరియాల మీద విరుచుకుపడుతుంది. రాత్రి దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసమని ఏళ్లు గడిపేవారున్నారు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు మూడు వేలు దాటి ఉంటే డాక్టరుకు అనుమానం రావాలి. ఈ పురుగుల మందైన డీఈసీ మాత్రలతో చాలామందికి ఇది తగ్గిపోతుంది.

2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచుతున్నారు, తర్వాత ఆల్బెండజోల్ కలిపారు. ‘నాకేం లేదు, నాకెందుకు?’ అనేవారి మీద కోప్పడి లాభం లేదు. ఏ బాధా లేనివారి నుంచే దోమ పురుగును మోసుకెళ్తుందని వారికి ఎవరూ చెప్పలేదు. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర జబ్బుతో ఉన్నవారు తప్ప అందరూ మింగాలి. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. రక్తంలో ఒక్కసారిగా చచ్చిన పురుగుల ముక్కల మీద ఒళ్లు తిరగబడటమే దానికి ప్రధాన కారణం. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఈ సంగతి మాత్ర చేతిలో పెట్టే ముందే చెప్పాలి. పెద్ద పురుగులన్నీ ఒక్క విడతకు చావవు కాబట్టి, వచ్చే ఏడు మళ్లీ అదే గుమ్మంలోకి వెళ్లాలి.