ఈ నెల ఏమి చదువుచున్నారు?

పుస్తకములను గూర్చి ప్రసంగించినపుడెల్ల శ్రోతలనుండి ఒక ప్రశ్న వచ్చుచుండును: “చదువరులు ఈ నెలలో ఏమి చదువుచున్నారు?” అని. మహానగరములలో దీనికి సులభమైన సమాధానము కలదు. పుస్తకముల దుకాణమునకు పోయి, ఏ గ్రంథము ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినదో అడిగినచో ఒక పట్టిక సిద్ధమగును. కాని అది కొన్నవారి పట్టికయే గాని చదివినవారి పట్టిక కాదు. కొన్న పుస్తకములన్నియు చదివినవి కావు. చదివిన పుస్తకములన్నియు కొన్నవి కావు. అందుచేత ఈ మారు ఆ ప్రశ్నను హైదరాబాదు అంగళ్ళలో గాక నారాయణఖేడ్ వంటి సరిహద్దు పట్టణమున అడిగి చూతము.

నారాయణఖేడ్ నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. హైదరాబాదునకు వాయవ్యమున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, మహారాష్ట్రమునకును ఎంతో దూరము గాక ఉన్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో చేరియుండెను. ఆ యేట బీదరు జిల్లాను మూడు రాష్ట్రములకు పంచినపుడు జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాకు వచ్చినవి. 2016లో మెదకు జిల్లాను విభజింపగా సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. పటముమీది గీతలు ఇన్ని మారులు మారినను సంతలోని మాటలు మారలేదు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాలలో లంబాడీ - ఇన్నియు అచ్చట వినవచ్చును. ఇట్టి చోట “ఏమి చదువుచున్నారు?” అని అడుగుటకు ముందు “ఏ భాషలో?” అనియు, “ఎవరు చదువగా ఎవరు వినుచున్నారు?” అనియు అడుగవలసియుండును.

ఆ రెండవ ప్రశ్న ముఖ్యమైనది. మనదేశమున చదువు చాలకాలము ఒంటరి పని కాదు. ఒకరు చదువుదురు, పదిమంది విందురు. అట్టి చదువునకు నెలయే కొలత. కార్తీక మాసము వచ్చినచో కార్తీక పురాణము తెరతురు. అది ముప్పది అధ్యాయములు; దినమునకొకటి చొప్పున నెల ముగియునప్పటికి గ్రంథమును ముగియును. రంజాను నెలలో ముస్లిముల ఇండ్లలోను మసీదులలోను ఖురాను పారాయణము జరుగును. ఆ గ్రంథమునకును ముప్పది భాగములు కలవు. రెండు మతములవారును నెలకొక గ్రంథమను లెక్కను ఇంత చక్కగా కుదుర్చుకొనుట గమనింపదగినది. శ్రావణమున వీరశైవుల మఠములలో బసవేశ్వరుని చరిత్రమును ప్రవచనముగా చెప్పుట బీదరు సీమలో వాడుక. ఆ కథ జరిగిన కల్యాణము, అనగా నేటి బసవకల్యాణము, బీదరు జిల్లాలోనిదే. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు దానిని తెలుగున బసవపురాణముగా రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు గొనిపోయెను. కథ కన్నడ దేశమున జరిగి, తెలుగున గ్రంథమై, మరల కన్నడమునకు చేరినది. సరిహద్దు మనుష్యులను ఆపును గాని పుస్తకములను ఆపలేదనుటకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణము నారాయణఖేడ్ వారికి వేరొకటి అక్కరలేదు.

పిల్లల విషయమును ఇట్లే ఉండెను. 1947 జులైలో మద్రాసునుండి తెలుగున, తమిళమున వెలువడిన చందమామ తరువాత కన్నడమునకు, మరాఠీకి, ఇతర భాషలకును వ్యాపించినది. మరాఠీలో దాని పేరు చాందోబా. ఇరుగుపొరుగు ఇండ్ల పిల్లలు ఒకే బొమ్మను చూచుచు, ఒకే కథను రెండు భాషలలో చదువుకొనుటకు వీలుండెను. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. నెల మొదట పుస్తకముకొరకు ఎదురుచూచు అలవాటు దానితో కొంత పోయినది.

ఇక నేటి సంగతి. ఆ ప్రాంతపు పఠనమందిరములలో ఒక ఉదయము కూర్చుండి చూచితిని. తలుపు తెరచిన కొంతసేపటికే కుర్చీలు నిండెను. వార్తాపత్రికల బల్లయొద్ద పెద్దలు కొందరుండిరి. మిగిలినవారందరు యువకులు, యువతులు. అన్నపు డబ్బా, నీళ్ళ సీసా వెంట తెచ్చుకొని దినమంతయు చదువుటకే వచ్చినవారు. వారి ముందున్నవి నవలలు కావు, కావ్యములు కావు. గ్రూపు పరీక్షలకు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకు, పోలీసు ఉద్యోగములకు ఉపయోగించు పుస్తకములు. వాటిని వారు “బిట్లు” అందురు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అందులో ఒకటి సరియైనది.

నా ప్రక్కనున్న యువకుడు తెలంగాణ చరిత్రను చదువుచుండెను. ఇంటివద్ద ఇద్దరు తమ్ములు ఉన్నారనియు, ఇది తన మూడవ ప్రయత్నమనియు చెప్పెను. “గోలకొండ కవుల సంచికను గూర్చి మీకు తెలియునా?” అని అడిగితిని. ఆలస్యము లేదు. “1934 సార్. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. కవులు మూడు వందల యాభై నాలుగు మంది” అని జవాబు వచ్చినది. “అందులో ఒక కవి పద్యమేదైన చదివితిరా?” అంటిని. అతడు కొంచెము సిగ్గుపడి, “ఆ పుస్తకం నేను చూడలేదు సార్. పరీక్షల అంతవరకే అడుగుతరు” అనెను.

అతడు తప్పు చెప్పలేదు. పరీక్ష అంతవరకే అడుగును. కాని ఆ 354 అను సంఖ్య వెనుక ఏమున్నదో శ్రోతలు వినదగును.

నిజాము పాలనలో బోధనకును ప్రభుత్వ వ్యవహారమునకును ఉర్దూయే ప్రధానము. తెలుగు పాఠశాల అరుదు. తెలుగు పుస్తకము మరింత అరుదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపించిరి. గ్రంథాలయమనిన నేడు మనకు నిశ్శబ్దమైన గది. ఆనాటి ప్రభుత్వమునకు అది పదిమంది చేరి మాటలాడుకొను చోటు. అందుచేత అనుమానింపదగిన చోటు. ముందుగా అనుమతి లేనిదే సభ జరుపరాదని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఉండెను. ఆ స్థితిలో 1930లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమయ్యెను. అది జరిగినది నారాయణఖేడ్‌తోపాటు నేడు సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న జోగిపేటలో. అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డి. అచ్చటనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతను మహిళాసభయు జరిగినది.

ప్రతాపరెడ్డి 1926నుండి గోలకొండ పత్రికను నడుపుచుండిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు సున్న అను అర్థము వచ్చునట్లు ఒకరు వ్రాసిరి. ఆయన వాదమునకు దిగలేదు. ఊరూరనుండి కవుల రచనలను, వారి వివరములను రప్పించి, కూర్చి, అచ్చువేసి చూపిరి. అదియే గోలకొండ కవుల సంచిక. 354 అనునది ఒక ఆక్షేపణకు చెప్పిన జవాబు. ఇన్ని యేండ్లకు అది నాలుగింటిలో సరియైన జవాబుగా మిగిలినది. జవాబు మనకు జ్ఞాపకమున్నది; ఏ ప్రశ్నకు జవాబో మరచితిమి.

ఆ కాలమున పుస్తకము చదువరియొద్దకు ఎట్లు చేరెడిదో తెలియుటకు వట్టికోట ఆళ్వారుస్వామి జీవితమును చూడవలెను. 1915లో జన్మించిన ఆయన హోటలులో పనిచేసిరి, అచ్చుచిత్తులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆ పుస్తకములను తామే మోసికొని పల్లెలు తిరిగి అమ్మిరి. “ప్రజల మనిషి” అను నవలను వ్రాసిరి. 1961లో మరణించిరి. ఆయనను గూర్చియు నేటి పరీక్షలకు బిట్లు కలవు.

ఇట్లు చెప్పుటలో పరీక్షకు చదువువారిని తక్కువచేయు ఉద్దేశము నాకు లేదు. మన పట్టణములలో దినమునకు పది గంటలు పుస్తకము విడువనివారు నేడు వారే. చదువునకు అన్నము పెట్టు శక్తి ఉన్నదని నమ్మి వచ్చినవారిని చూచి, సాహిత్యము చదువలేదని నిట్టూర్చుట కడుపు నిండినవారి మాట. పైగా, ఒక తరము క్రిందట ఈ ప్రాంతపు పాఠములలో తెలంగాణ చరిత్రకు చోటు స్వల్పము. 2014లో రాష్ట్రము ఏర్పడిన తరువాత పరీక్షల పాఠ్యప్రణాళికలో ఆ చరిత్రయు, సంస్కృతియు ముఖ్యస్థానమును పొందినవి. సురవరము పేరు, ఆళ్వారుస్వామి పేరు, కాళోజీ పేరు ప్రతి తాలూకా పట్టణమున యువకుల నోట నున్నవనిన, అది ఈ బిట్ల పుస్తకముల పుణ్యమే.

కాని పేరు తెలియుట వేరు, గ్రంథము తెలియుట వేరు. దీనికి ప్రతాపరెడ్డి వ్రాసిన మరియొక గ్రంథమే సాక్ష్యము. 1949లో ప్రకటితమైన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” 1955లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారమును పొందినది. తెలుగునకు ఆ పురస్కారము వచ్చుట అదియే మొదలు. అప్పటికి రెండేండ్ల ముందే, 1953లో, గ్రంథకర్త గతించిరి. ఇంతవరకు బిట్టు. గ్రంథమును తెరచినచో వేరొక లోకము కనబడును. రాజులు ఎవరిని జయించిరి అని కాక, జనులు ఏమి తినిరి, ఏమి కట్టుకొనిరి, ఏ ఆటలాడిరి, ఏ సంతలో ఏమి కొనిరి అని ఆయన అడిగిరి. అందుకు ఆధారములు శాసనములలో కొన్నియే దొరకును. అందుచేత కావ్యములను జల్లెడ పట్టిరి. కవి వర్ణనలో యాదృచ్ఛికముగా జారిపడిన వంటకము పేరు, బట్ట పేరు, పిల్లల ఆట పేరు ఆయనకు చరిత్ర అయినది. పైన చెప్పిన పాల్కురికి సోమనాథుడు అట్టి ఆధారములలో ముఖ్యుడు. ఈ పద్ధతిని గ్రహించిన చదువరి తన అవ్వ చెప్పు మాటను, తన ఊరి జాతరను కూడ చరిత్రగా చూడనేర్చును. ఆ దృష్టి నాలుగు జవాబులలో ఏ ఒకదానియందును ఇమడదు.

మరి ఆ గ్రంథము ఎట్లు దొరకును? ఇచ్చట గృహస్థులు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. 1960నాటి గ్రంథాలయ చట్టము తెలంగాణమునను అమలులో నున్నది. దాని ప్రకారము మీరు చెల్లించు ఇంటిపన్నుతోపాటు, రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగును. పంచాయతీగాని పురపాలక సంఘముగాని దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. పుస్తకములు కొనుటకు, పత్రికలు తెప్పించుటకు అది ముఖ్యాధారము. ఆ సొమ్ము సకాలమున చేరనిచోట అలమరలో క్రొత్త పుస్తకము చేరదు. అనగా గ్రంథాలయము ఎవరో పెట్టిన చలివేంద్రము కాదు. మీరు మూల్యము చెల్లించి త్రవ్వించిన బావి. బావికి పోయి నీరు తోడుకొననివారు నీరు లేదనుట న్యాయము కాదు. పన్ను కట్టియు బావి ఎండియున్నచో అడుగకుండుటయు న్యాయము కాదు. స్వల్పమైన ధరావతుతో సభ్యులై పుస్తకమును ఇంటికి తెచ్చుకొనవచ్చును. కావలసిన గ్రంథము లేనిచో గ్రంథపాలకునకు వ్రాసి ఇయ్యవచ్చును. ఎవరును అడుగని పుస్తకమును కొనుటకు ఏ సంస్థకును ఉత్సాహముండదు.

భారత గ్రంథాలయశాస్త్రమునకు మూలపురుషుడైన రంగనాథన్ 1931లో ప్రకటించిన సూత్రములలో ముఖ్యమైన భావమిది: చదువరికి తగిన పుస్తకము ఒకటుండును, పుస్తకమునకు తగిన చదువరియు ఒకడుండును, వారిద్దరిని కలుపుటయే గ్రంథాలయము పని. నారాయణఖేడ్ వంటి చోట ఆ చదువరి పఠనమందిరమునకు ఇదివరకే వచ్చి కూర్చుండినాడు. అతనికిని అలమరకును నడుమ ఉన్న దూరము పది అడుగులు.

ఆ పది అడుగులు నడిపించుటకు ఇంటివారు చేయదగిన పని ఒకటి కలదు. రేడియో ఉన్న ఇల్లు వినుటకు అలవాటుపడిన ఇల్లు. పాత పారాయణపు పద్ధతిని పురాణములకే విడువక, ఈ నెల ఒక గ్రంథమును తీసికొని, రాత్రి భోజనమునకు ముందు ఒకరు పది పుటలు బిగ్గరగా చదువుడు. పరీక్షకు చదువు పిల్లవాడు ఇంట నున్నచో అతనిచేతనే చదివింపుడు. పగలంతయు మౌనముగా చదివిన గొంతునకు అది విశ్రాంతి. మొదలు “ప్రజల మనిషి” మంచిది, కథ కాబట్టి. తరువాత “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”. అందులో భోజనములను, ఆటలను గూర్చిన భాగములు అందరికి రుచించును. తెలుగు చదువరాని పెద్దలు ఇంట నున్నను విందురు, నడుమ తమ కాలపు మాట చెప్పుదురు. ముప్పది దినములలో మూడువందల పుటలు గడచును.

ఆ ఉదయము నేను లేచి వచ్చునపుడు ఆ యువకుడు నన్ను ఆపి, “ఆ పుస్తకం పేరు ఇంకోసారి చెప్పుండ్రి సార్” అనెను. తన నోటుపుస్తకములో 354 అను అంకె ప్రక్కన దానిని వ్రాసికొనెను. చదివెనో లేదో నాకు తెలియదు, పరీక్ష దగ్గరపడినది. అతడు ఉత్తీర్ణుడు కావలెననియే నా కోరిక. ఉద్యోగము వచ్చిన మొదటి నెలలో, ఎవరైన వచ్చి “ఈ నెల ఏమి చదువుచున్నారు?” అని అడిగినపుడు, అంకె చెప్పక ఒక పుస్తకమును చూపగలిగిన మరింత సంతోషము.