వీధిబడి అరుగుపై ఒక దినము

గడచిన వేసవి సెలవులలో మన సంఘ సభ్యుల పిల్లలను 18 మందిని వెంటబెట్టుకొని పెన్‌పహాడ్ సమీపమునగల యొక పాత యింటికి పోయితిమి. ఆ యింటి అరుగుపై పూర్వము వీధిబడి నడచెడిదని పెద్దలు చెప్పుదురు. గది యొక్కటే. దాని ముందు చూరుక్రింద అరుగు, పైదూలమున ఒక ఇనుప కడియము, ఎదుట వేపచెట్టు. ఇంతకుమించి యచ్చట చూడదగిన దేమియు లేదు. "దీనికొరకా సారూ, యింత దూరము నడిపించితిరి?" అని యొక బాలుడు మొగము ముడుచుకొనెను. విత్తనములను, ఎరువులను గూర్చి చెప్పవలసిన వ్యవసాయ ప్రదర్శకులకు బడుల గొడవ యేల యని సభ్యులును కొంద రడిగిరి.

అమెరికా దేశమున నూరేండ్లకు పైబడిన ఒంటిగది బడులను పెక్కుచోట్ల చెడకుండ కాపాడి, నేటి పిల్లల నొక దినము కొనిపోయి, ఆనాటి బల్లలపై కూర్చుండబెట్టి, పలకలపై వ్రాయించి పంపుదురు. ఆ పద్ధతి మాకు నచ్చినది. మనకు బల్లలు లేవు గాని యిసుక కలదు.

ఆనాటి బడి తీరును ఊహించి చెప్పనక్కరలేదు. మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములు పంపుడని 1822లో కలెక్టరుల కుత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వ్రాసిన జవాబు మిక్కిలి విపులమైనది. తెలుగు, కన్నడము రెండును నడచు ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. అనగా బడికి 12, 13 మంది. అందు ఆడపిల్లలు 60 మంది మాత్రమే. మన ప్రాంతము నాడు నైజాము ఏలుబడిలో నుండుటచే ఆ విచారణ యిచ్చటికి రాలేదు. అయినను, పెద్దలవలన మేము విన్న బడికిని క్యాంబెల్ వ్రాసిన బడికిని భేదము స్వల్పమే.

బడి ఉదయము 6 గంటలకే. మొదట వచ్చినవాని యరచేత సరస్వతీ నామమును, రెండవవాని చేత సున్నను వ్రాయుదురు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా హెచ్చు. దీనినే మనవారు శ్రీ, చుక్క యనిరి. మేమును ఆ ప్రకారమే చేసితిమి గాని దెబ్బలకు మారుగా గుంజీలు తీయించితిమి. ఆ దినమున ముందుగా వచ్చినది తొమ్మిదేండ్ల బాలిక. అరచేత శ్రీ వ్రాయించుకొని మధ్యాహ్నము వరకు పిడికిలి విప్పలేదు.

ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించితిమి. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేయిపట్టి దిద్దించుటయు ఆనాటి యాచారమే. మద్రాసు ఎగ్మూరులో అనాథబాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్ ఇట్లు ఇసుకలో వ్రాయు పిల్లలను చూచి, తన శాలలో ఆ పద్ధతి పెట్టి, 1797లో లండనునందు దానిపై పుస్తకము ప్రకటించెను. పిమ్మట అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండు బడులలో వ్యాపించెను. మేము చదివిన మిషను బడిలో పెద్ద తరగతివారు చిన్నవారికి పాఠము చెప్పుచుండగా, ఇది దొరల యేర్పాటు కాబోలునని తలచెడివారము!

దూలమునకున్న కడియ మెందుకని పిల్లలడిగిరి. కోదండము వేయుటకని చెప్పితిమి. అల్లరి చేసినవానిని త్రాటితో చేతులు కట్టి దూలమునుండి వ్రేలాడదీయుటయే కోదండము. క్యాంబెలును దానిని పేర్కొనెను. పిల్లలు కొంతసేపు మాటాడలేదు. పాతదంతయు బంగారమని చెప్పుటకు మేము వారిని తీసికొనిపోలేదు.

తరువాత కొలతలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఒక యింటినుండి యెరువు తెచ్చిన పాత మానికతో వడ్లు కొలిపించుచు నొక లెక్క యిచ్చితిమి. కొలుచువాడు మానికకు ఒక గిద్దె తక్కువగా పోసినచో పుట్టికి రైతు నష్టపోవున దెంత? పిల్లలు ఇసుకలో గీయుచుండగనే వేపచెట్టు క్రిందనుండి జవాబు వచ్చెను: "తూమెడు, కుంచెడు!"

చెప్పినవాడు ఆ శ్రీ వ్రాయించుకొన్న బాలిక ముత్తాత. వయస్సు 85 ఏండ్లు. పిల్లవెంట వచ్చి అరుగెక్కక చెట్టుక్రిందనే యుండెను. పైకి రమ్మనగా "నేను ఈడనే కూసుంట సారూ, నాకిదే అలవాటు" అనెను. బాల్యమున ఆయన యొక దొర యింట జీతముండి పసుల కాచెడివాడు. ఆయన కులమువారికి అరుగుపై చోటు లేదు. పసులను నీడకు తోలి, ఆ చెట్టుక్రింద కూర్చుండి, అరుగుపై పిల్లలు వల్లించు ఎక్కములను విని విని కంఠస్థము చేసెను. ఒక్క యక్షరమును రాలేదు. ఎక్కములు చెవికి వచ్చును గాని అక్షరములు కంటికి గదా రావలెను!

ఆయన తండ్రి నాగు తెచ్చి చితికినవాడు. విత్తుల వేళ గింజలు తెచ్చి, పంట వేళ వడ్డీతో గింజలే కొలిచి యిచ్చుట నాగు. కాగితముపై వ్రేలిముద్ర వేయుటయే గాని అందేమున్నదో తండ్రి యెరుగడు. అరుగుపై తెలుగు నేర్చినవారికి మాత్రము ప్రభుత్వ కాగితము తెలిసెనా? 1884 నుండి నైజాము రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాషయై యుండెను. చదివి చెప్పుమని మరియొకని చుట్టును తిరుగవలసినదే. 1920ల దశకమున ఖాసగీ బడులకు సర్కారు అనుమతి కావలెనను నిబంధన వచ్చి, ఉన్న వీధిబడులును చాలవరకు మూతపడెను.

సద్ది తినిన పిమ్మట ఆ ముసలాయన రుమాలు ముడి విప్పి యొక కాగితము తీసి బాలిక చేతికిచ్చెను. క్రిందటి యేడు బోరుబావికై యొక వ్యాపారియొద్ద తెచ్చిన 40,000 రూపాయల పత్రమది. దానిపై ఆయన వ్రేలిముద్ర కలదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యని ఆయనకు చెప్పిరట. పిల్ల కూడబలుకుకొనుచు చదివెను. కాగితమున మూడు రూపాయలు!

మేము నోరు తెరవకమునుపే ఆయన లెక్క కట్టెను. "నెలకు నాలుగొందలు, ఏడాదికి నాలుగువేల ఎనిమిదొందలు ఎక్కువ." ఆ మాట మెల్లగా, ఎక్కము వల్లించినట్లే చెప్పెను. తరువాత కాగితమును మునుపటి మడతలలోనే మడచి రుమాలులో ముడివేసికొనెను. బాలిక అరుగు దిగి ఆయన ప్రక్కన కూర్చుండెను.

మరుసటి సోమవారమున ఇద్దరును మన సంఘ కార్యాలయమునకు వచ్చిరి. పత్రమునకు నకలు తీయించి, వ్యాపారితో మాటాడుటకు కార్యదర్శిగారును మేమును పూనుకొంటిమి. రెండు మారులు పోతిమి. ఆయన యింట లేడనిరి. ఇప్పటికి సంగతి తేలలేదు. ముసలాయన మాత్రము ప్రతి సోమవారము వచ్చుచున్నాడు. వచ్చినపుడెల్ల వాకిట గోడకు అంటించిన ధాన్యము ధరల పట్టీ ముందు నిలిచి, బాలిక వ్రేలుపెట్టి చూపుచుండగా ఒక్కొక్క అక్షరమును తిరిగి పలుకుచున్నాడు. నిన్నటికి 'వ', 'డ' వచ్చినవి.