నూనె పొగను పసిగట్టే కన్ను

1947 సెప్టెంబరు 11. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు దగ్గర్లో ‘రెయినా డెల్ పసిఫికో’ అనే ప్రయాణికుల ఓడ పరీక్షా ప్రయాణంలో ఉంది. 1931 నుంచి ఇంగ్లండ్‌కూ దక్షిణ అమెరికా పడమటి తీరానికీ మధ్య తిరిగిన ఓడ అది. బ్రిటన్ మాజీ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ 1937లో కన్నుమూసింది దీని మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను మోసింది. యుద్ధం అయ్యాక హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో మరమ్మతులు ముగించుకుని మళ్లీ పాత కొలువుకు సిద్ధమవుతోంది. పరీక్షా ప్రయాణం కాబట్టి ఇంజిన్ రూమ్‌లో మామూలుకన్నా ఎక్కువమంది ఉన్నారు. అప్పుడు ఒక ఇంజిన్‌లో పిస్టన్ అతిగా వేడెక్కింది. ఆ ఇంజిన్ క్రాంక్‌కేస్ పేలింది. పేలుడు మిగతా ప్రధాన ఇంజిన్లకూ పాకింది. 28 మంది చనిపోయారు.

అక్కడ పేలింది ఇంజిన్‌ను నడిపే డీజిల్ కాదు, ఇంజిన్ అరిగిపోకుండా కాపాడే లూబ్రికేటింగ్ ఆయిల్. మొదట వింటే మింగుడుపడని సంగతి ఇదే.

క్రాంక్‌కేస్ అంటే ఇంజిన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే మూసిన గది. పెద్ద ఓడల ఇంజిన్లలో అందులోకి మనిషి దిగి నిలబడి పని చేసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ బేరింగుల నుంచి నూనె చిమ్ముతూనే ఉంటుంది. ఆ చుక్కలు పెద్దవి, బరువైనవి, వెంటనే కిందికి జారిపోతాయి. అంత తేలిగ్గా అంటుకోవు. ఏదైనా బేరింగు నూనె అందక ఒరుసుకుంటేనో, పిస్టన్ పట్టేస్తేనో కథ మారుతుంది. అక్కడి లోహం 200 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని మీద పడిన నూనె ఆవిరవుతుంది. పొయ్యి మీద మరిచిపోయిన మూకుడులో నూనె పొగలు కక్కినట్టే. ఆ ఆవిరి చుట్టూ ఉన్న చల్లటి గాలి తగిలి మళ్లీ ద్రవంగా మారి, కొన్ని మైక్రాన్ల సైజు కణాలతో తెల్లటి పొగమంచు అవుతుంది. అంత సన్నటి కణాలు కిందికి పడవు, గదంతా తేలుతుంటాయి. లీటరు గాలిలో ఆ నూనె సుమారు 50 మిల్లీగ్రాములకు చేరితే మిశ్రమం మండే స్థితికి వచ్చినట్టే. నిప్పు వేరే అక్కర్లేదు, పొగ పుట్టించిన వేడి లోహమే దాన్ని అంటిస్తుంది.

మొదటి పేలుడు చిన్నదైనా కావచ్చు. అసలు ప్రమాదం దాని వెనకే ఉంటుంది. పేలుడు ఒత్తిడికి క్రాంక్‌కేస్ తలుపులు ఊడిపోతే, ఆ వెంటనే లోపల ఒత్తిడి పడిపోయి బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. లోపల ఇంకా మండని నూనె పొగకు కావలసినంత ఆక్సిజన్ దొరుకుతుంది. అప్పుడు జరిగే రెండో పేలుడు మొదటిదానికన్నా చాలా పెద్దది.

రెయినా డెల్ పసిఫికో విషాదం తర్వాత బ్రిటన్‌లో ఈ విషయం మీద గట్టి పరిశోధన జరిగింది. దాని ఫలితాలు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలేసి వెంటనే మూసుకునే రిలీఫ్ వాల్వు, మంట బయటికి రాకుండా దానికి సన్నటి లోహపు జాలీ. రెండోది, పేలుడుకు ముందే పొగను పట్టుకోవడం. విమానాల్లో మంటలను పసిగట్టి ఆర్పే పరికరాలు చేసే గ్రావినర్ సంస్థ రెండో దారిలో నడిచి ఆయిల్ మిస్ట్ డిటెక్టర్ తయారు చేసింది.

ఆ పాత గ్రావినర్ పెట్టె తెలివి చూడదగ్గది. ఒక్కో సిలిండరు కింది గది నుంచి ఒక్కో సన్నటి గొట్టం పెట్టె దాకా వస్తుంది. లోపల ఒక ఫ్యాను ఆ గదుల గాలిని పీలుస్తుంది. నెమ్మదిగా తిరిగే వాల్వు ఒక్కో గది గాలిని వంతుల వారీగా ఒక కొలత గొట్టంలోకి పంపుతుంది. మిగతా గదుల గాలంతా కలిసి పక్కనున్న రెండో గొట్టంలోకి వెళుతుంది. ఒకే దీపం వెలుగు అద్దాల మీదుగా రెండు గొట్టాల్లోంచీ సాగి, చివర రెండు ఫోటోసెల్‌ల మీద పడుతుంది. రెండూ సమానంగా వెలిగితే అంతా బాగున్నట్టు. కొలత గొట్టంలో వెలుగు తగ్గితే, అప్పుడు వంతు వచ్చిన గదిలో పొగ పుడుతున్నట్టు. ప్రతి ఇంజిన్‌లోనూ కొంత నూనె మసక సహజమే కాబట్టి, ఒక గదిని దాని తోటి గదులతోనే పోల్చడం వల్ల అనవసరపు అలారాలు తగ్గాయి. నా దృష్టిలో ఈ పరికరం చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఇదే. ఆ తర్వాత జర్మనీకి చెందిన షాలర్ సంస్థ ‘విసాట్రాన్’లో ఫ్యానుకు బదులు సంపీడిత గాలితో నమూనాను లాగే పద్ధతి వచ్చింది. ఇంకా తర్వాతి పరికరాల్లో పొడవాటి గొట్టాలే పోయి, ప్రతి గదికీ సొంత సెన్సర్ తల వచ్చింది.

ఇక దీన్ని కాపాడుకోవడం సంగతి. ఈ యంత్రం కన్ను నిత్యం నూనె మసకలోనే ఉంటుంది. చూడాల్సిన నూనే దాని అద్దాన్ని కప్పేస్తుంది. అద్దం మురికైతే ఏమవుతుందన్నది పరికరం రకాన్ని బట్టి ఉంటుంది. వెలుగు ఎంత తగ్గిందో కొలిచే రకంలో మురికి కూడా పొగలాగే కనిపిస్తుంది, ఉత్త అలారం మోగుతుంది. పొగ కణాల మీద పడి చెదిరిన వెలుగును కొలిచే రకంలో మురికి ఆ వెలుగును మింగేస్తుంది, నిజం పొగ వచ్చినా తక్కువగా చూపించవచ్చు. అందుకే రెండో రకంలో తన వెలుగు తగ్గిందా అని పరికరమే సరిచూసుకునే ఏర్పాటు పెడతారు. ఆ హెచ్చరికను మామూలు లోపం కింద తీసి పక్కన పెట్టకూడదు. అద్దాన్ని తయారీదారు చెప్పిన ద్రవంతో, పీచు రాలని మెత్తటి గుడ్డతో తుడవాలి. చేతికి దొరికిన వేస్ట్ కాటన్‌తో తుడిస్తే గీతలు పడి అద్దం శాశ్వతంగా మసకబారుతుంది. తుడవకుండా సున్నాను మాత్రం మళ్లీ సర్దడం అన్నిటికన్నా చెడ్డ పని. అలా చేస్తే మురికి అద్దమే శుభ్రమని పరికరానికి నేర్పినట్టు అవుతుంది.

గొట్టాలున్న రకాల్లో తప్పు ఎక్కువగా గొట్టాల్లోనే దొరుకుతుంది. గొట్టం పొడవునా క్రాంక్‌కేస్ వైపుకు వాలు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా కుంగితే ఆ వంపులో నూనె నిలిచి గాలికి దారి మూసేస్తుంది. అప్పుడు పెట్టె శుభ్రంగా, ఆకుపచ్చ దీపంతో, ఏమీ లేదనే చూపిస్తుంది. ఏదో మరమ్మతులో క్లాంపు విప్పి సరిగ్గా బిగించకపోతే చాలు, ఇలాంటి వంపు ఏర్పడుతుంది. గొట్టం జాయింటు లీకైతే ఇంజిన్ రూమ్ గాలే నమూనాగా వస్తుంది. గొట్టాలు చల్లబడి లోపల నీటి తేమ చేరితే లేని పొగ కనిపిస్తుంది. కాబట్టి అద్దంతో పాటు గాలి లాగే బలాన్నీ, ఫ్యానునూ, ఫిల్టరునూ క్రమం తప్పకుండా చూడాలి.

వీటన్నిటికీ తుది పరీక్ష పొగే. పరీక్ష కోసం చేసిన పొగను నమూనా గొట్టంలోకి వదిలి అలారం మోగుతుందా, ఇంజిన్ వేగం తగ్గించే ఆదేశం వెళుతుందా అని చూడాలి. పెట్టె మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే తెలిసేది వైర్ల సంగతి మాత్రమే, గొట్టం తెరిచి ఉందో లేదో దానికి తెలియదు.

ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ సోలాస్ నిబంధనల ప్రకారం 2,250 కిలోవాట్లు, ఆపై శక్తి ఉన్న ఇంజిన్లకు గానీ, 300 మిల్లీమీటర్లకు మించిన వ్యాసం గల సిలిండర్లున్న ఇంజిన్లకు గానీ మనుషుల నిరంతర కాపలా లేని ఇంజిన్ రూమ్‌లలో ఈ పరికరం గానీ, బేరింగు ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు గానీ, దానికి సమానమైనది గానీ ఉండి తీరాలి. అలారం మోగాల్సిన హద్దు పేలుడు స్థాయిలో 5 శాతం, అంటే లీటరుకు సుమారు 2.5 మిల్లీగ్రాములు. ఇంత ముందుగా మోగే అలారం ఇచ్చే వ్యవధి విలువైనది. దాన్ని అనవసరపు అలారంగా కొట్టిపారేసి పాడు చేసుకోకూడదు.

మోగితే చేయాల్సింది ముందే తెలిసి ఉండాలి. ఇంజిన్ వేగం తగ్గించాలి, ఓడను నడిపే బ్రిడ్జి అనుమతితో ఆపాలి, క్రాంక్‌కేస్ తలుపుల దగ్గర ఎవరూ ఉండకూడదు. ఆపాక కనీసం 20 నిమిషాల దాకా తలుపు తెరవకూడదు. లోపల ఏమైందో చూడాలన్న ఆత్రంతో తెరిస్తే, రెండో పేలుడుకు కావలసిన గాలిని మన చేత్తోనే అందించినట్టవుతుంది.

ఇంజనీర్లుగా ఓడలెక్కే తెలుగు పిల్లలకు చివరగా ఒక మాట. ఓడలో చేరాక రికార్డు పుస్తకంలో ముందువాళ్లు పెట్టిన సంతకాలు చూసి తృప్తి పడకండి. గొట్టాలున్న రకమైతే ఒక్కో నమూనా గొట్టం వెంట టార్చి పట్టుకుని నడిచి, సెకండ్ ఇంజనీర్ అనుమతి తీసుకుని ప్రతి గొట్టానికీ పొగ పరీక్ష చేయించండి. ఏ గొట్టం దగ్గర అలారం మోగలేదో ఆ గొట్టాన్ని ఆ రోజే విప్పి చూడండి.